దాత లోపలికి రావాలి, గ్రహీత బయట ఉండాలి

మా ఆసుపత్రిలో నిబంధనలకు విరుద్ధంగా ఏ పనీ జరగదు. నిబంధనల ప్రకారం కూడా పెద్దగా ఏమీ జరగదనుకోండి, అది వేరే సంగతి. ఈ మాట అక్కసు కొద్దీ అనడం లేదు. అక్కడి అవయవ మార్పిడి ఆమోద కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. కళ్లారా చూసిందే చెబుతున్నాను.

నన్ను ఆ కమిటీలోకి ఎందుకు తీసుకున్నారో ముందే చెప్పేస్తాను. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. అవయవాల గురించి నాకు తెలిసిందల్లా నా మోకాళ్లు నాకు నేర్పిందే. కానీ కమిటీలో ‘సమాజ ప్రముఖుడు’ ఒకడు ఉండాలని నిబంధన. మా ఇల్లు ఆసుపత్రి వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. కోరం చాలకపోతే గోడ మీంచి ఒక కేక వేస్తే చాలు, చొక్కా తొడుక్కుని వచ్చేస్తాను. ఊళ్లో ఇంతకంటే ప్రముఖుడు వాళ్లకు దొరకలేదు.

అధ్యక్షులు సూపరింటెండెంట్ వామనమూర్తి గారు. ఆయన దేనికీ తొందరపడరు. వంటగదిలో మంటలు లేచాయని ఎవరో పరిగెత్తుకొస్తే, ‘పరిశీలనలో ఉంచుదాం’ అన్న మనిషి. న్యాయ సలహాదారు చయనులు గారు. ఆయనకు చట్టాలన్నీ కంఠతా వచ్చు, మనుషులే కాస్త కొత్త. మా ఆసుపత్రిలో కిడ్నీ మార్చరు, కాలేయం మార్చరు, కాలిపోయిన బల్బు మార్చడానికే ఆపసోపాలు పడతారు. కనుక మా కమిటీ క్రమం తప్పకుండా సమావేశమై, కాఫీ తాగి, ‘దరఖాస్తులు లేవు’ అని ఏకగ్రీవంగా తీర్మానించి ఇళ్లకు వెళ్లేది.

అలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఎక్కడో ఏదో కిడ్నీల గొడవ జరిగిందట. జరిగినచోట ఏం చేశారో తెలియదు గానీ, మాకు మాత్రం ఉత్తర్వు పంపారు. మనిషి శరీరం నుంచి వేరుచేసి మనిషి శరీరంలో అమర్చే సజీవ భాగం ఏదైనా సరే, దాతనూ గ్రహీతనూ కమిటీ విచారించి ఆమోదించనిదే అమర్చరాదు. ఇదీ ఉత్తర్వు. చయనులు గారు దాన్ని పైకి చదివి వినిపించారు. చేతినిండా పని దొరికిందన్న సంతోషం ఆయన గొంతులో దాగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే డాక్టర్ మెహరున్నీసా, గుబ్బల దేవికను వెంటబెట్టుకుని మా ముందుకొచ్చింది.

మెహరున్నీసా మా ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జన్. చిన్నతనంలో కాలిన గాయాల వల్ల తలమీద జుట్టు పోయిన పిల్లలకు ఉచితంగా జుట్టు నాటే ‘బాల కేశ భాగ్యం’ అనే పథకం ఒకటి ఉంది. దాన్ని మా ఊళ్లో ఆవిడే చూస్తుంది. పద్దెనిమిదేళ్ల వయసు వరకు అందరూ అర్హులే. దేవికకు పదిహేడు దాటాయి, ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. తల్లి వరహాలమ్మ, తండ్రి సూరిబాబు బస్టాండు ఎదురుగా బజ్జీల బండి పెట్టుకుని బతుకుతున్నారు. పిల్ల నడక నేర్చిన రోజుల్లో బండి కింద ఆడుకుంటుంటే బాండీ తిరగబడి నూనె తలమీద పడింది. ఎడమ చెవి పైనుంచి నడినెత్తి దాకా నున్నటి మచ్చ. అక్కడ వెంట్రుక మొలవలేదు. బళ్లో పిల్లలు ఆ మచ్చను ‘ఇండియా మ్యాపు’ అనేవారట. అప్పటి నుంచి తలమీద చున్నీ తీయలేదు. కుర్చీ కనిపిస్తే ఎడమవైపు గోడ ఉన్నదే వెతుక్కుని కూర్చుంటుంది. ఆ రోజు మా గదిలోనూ అలాగే కూర్చుంది.

“తల వెనకవైపు నుంచి వెంట్రుకలు కుదుళ్లతో సహా తీసి, మచ్చ మీద ఒక్కొక్కటే నాటుతాం సార్. నారు తీసి నాట్లు వేసినట్టే. మచ్చ మీద అన్నీ బతకవు, ఇంకోసారి నాటాల్సి రావచ్చు. కానీ మచ్చ ఎప్పుడో స్థిరపడింది, వయసు చిన్నది. బాగా వస్తుంది. డిగ్రీ కాలేజీలో అడుగుపెట్టే వేళకు మొలకలైనా కనిపించాలని అమ్మాయి ఆశ,” అంది మెహరున్నీసా.

“ఎవరి తల వెనక నుంచి?” అన్నారు చయనులు గారు.

“ఈ అమ్మాయి తల వెనక నుంచే సార్.”

“ఎవరి మచ్చ మీద?”

“ఈ అమ్మాయి మచ్చ మీదే.”

చయనులు గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. “అంటే దాత, గ్రహీత ఒకే కుటుంబానికి చెందినవారన్నమాట.”

“ఒకే మనిషి సార్!”

“దగ్గర బంధుత్వమే, కాదనను. కానీ అది రుజువు కావాలి. మనిషి శరీరం నుంచి మనిషి శరీరంలోకి అన్నారు గానీ, వేరే మనిషి శరీరంలోకి అనలేదు. ఆ మాట ఉండి ఉంటే నాకు మాత్రం అభ్యంతరమా?”

వామనమూర్తి గారు బల్లమీద వేళ్లతో దరువేశారు. “ఉత్తర్వును మనం వ్యాఖ్యానించరాదు, అమలుపరచాలి. దాతను, గ్రహీతను విడివిడిగా విచారిద్దాం. ఒకరి సమక్షంలో మరొకరు ఉండరాదు.”

నాకు ఒళ్లు మండింది. “అయ్యా, ఉన్నది ఒక్క పిల్ల. ఆ పిల్ల సమక్షంలో ఆ పిల్ల లేకుండా ఎలా ఉంటుంది?” అన్నాను. నా అసమ్మతిని మినిట్స్‌లో చేర్చమని పట్టుబట్టాను. చేర్చారు. తరవాత చూస్తే, ‘కాఫీ విషయంలో సమాజ ప్రముఖులు అసంతృప్తి వ్యక్తం చేశారు’ అని ఉంది. నిజానికి కాఫీ కూడా బాగోలేదు కనుక ఊరుకున్నాను.

విచారణ రోజున నేను వెళ్లేసరికి వరండాలో రెండు బెంచీలు వేసి ఉన్నాయి. ఒకటి దాత తరఫువారికి, ఒకటి గ్రహీత తరఫువారికి. రెండు వైపులవాళ్లూ ఒకరినొకరు ప్రలోభపెట్టకుండా మధ్యలో ఒక కుర్చీ అడ్డంగా పెట్టారు. వరహాలమ్మ రెండు బెంచీల మధ్యా అయోమయంగా నిలబడింది.

“నేనెవరి తాలూకండి బాబూ?” అని నన్నడిగింది.

“నువ్వు గ్రహీత తల్లివి. అటు కూర్చో,” అన్నారు చయనులు గారు. “సూరిబాబూ, నువ్వు దాత తండ్రివి. ఇటు. ఇద్దరూ మాట్లాడుకోరాదు.”

“ఆయ్, అలాగేనండి,” అన్నాడు సూరిబాబు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లావిడతో మాట్లాడొద్దని ప్రభుత్వం చెప్పడం అదే మొదటిసారి కాబోలు, బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

అటెండరు తలుపు దగ్గర నిలబడి కేకేశాడు. “దాత లోపలికి రావాలి! గ్రహీత బయట ఉండాలి!”

దేవిక లేచింది. కూర్చుంది. మళ్లీ లేచింది. చివరికి తన పుస్తకాల సంచీ తీసి తల్లి పక్కన బెంచీ మీద పెట్టి లోపలికి వచ్చింది. చయనులు గారు తలుపు సందులోంచి చూసి, సంచీకి వినపడకుండా తలుపు గట్టిగా వేయించారు. విచారణ అయ్యేదాకా వరహాలమ్మ ఆ సంచీ మీద చెయ్యి వేసుకునే కూర్చుందని తరవాత సూరిబాబు చెప్పాడు.

దేవిక ఎడమవైపు గోడ ఉన్న కుర్చీలో సర్దుకుంది.

“నీ జుట్టు ఇస్తున్నావని నీకు తెలుసా?”

“తెలుసండి.”

“ఎవరికిస్తున్నావు?”

“నాకేనండి.”

“నాకు అనేది పేరు కాదు. పేరు చెప్పాలి.”

“గుబ్బల దేవికకండి.”

“ఆమె నీకు ఎంతకాలంగా తెలుసు?”

ఆ పిల్ల డాక్టరమ్మ వైపు చూసింది, నావైపు చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం. “పుట్టినప్పట్నుంచీ తెలుసండి,” అంది.

“చిన్ననాటి పరిచయం,” అని గుమస్తాకు చెప్పారు చయనులు గారు. “ఈ దానం విషయంలో ఆమె నీమీద ఎప్పుడైనా ఒత్తిడి తెచ్చిందా? భయపడకు. ఆమె బయట ఉంది. ఆమెకు వినపడదు.”

దేవిక చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ అంది. “తెచ్చిందండి. అద్దం ముందు నిలబడ్డప్పుడల్లా తెస్తాదండి. నీ వెనకాల అంత జుట్టుంది కదా, కూతంత నాకివ్వొచ్చు కదా అని అడుగుతాదండి. చిన్నప్పట్నుంచీ అడుగుతానే ఉందండి.”

నా కూతుళ్లు తల దువ్వుకోవడానికి అద్దం దగ్గర పోట్లాడుకున్న రోజులు గుర్తొచ్చాయి. మెహరున్నీసా కిటికీ వైపు తిరిగింది.

“ఒత్తిడి ఉన్నట్టు దాత స్వయంగా ఒప్పుకున్నారు,” అన్నారు చయనులు గారు విజయగర్వంతో. “ఇది తీవ్రమైన విషయం. గ్రహీతను పిలిచి సంజాయిషీ అడగాలి.”

గ్రహీతను పిలిచారు. ఆ పిల్లే వెళ్లి సంచీ తీసుకుని, తండ్రి దగ్గర కాసేపు నిలబడి, తిరిగి వచ్చింది. ఇకమీదట దాతను అద్దంలో గానీ, బయట గానీ ఒత్తిడి చేయనని హామీ ఇచ్చింది. వామనమూర్తి గారు ఆమెను మందలించి, దాత మంచితనాన్ని అలుసుగా తీసుకోవద్దని హితవు చెప్పారు. ఇక అంతా అయిపోయినట్టేనని మెహరున్నీసా ఊపిరి పీల్చుకుంది. అక్కడే పొరబడింది. మా కమిటీలో అయిపోవడం అంత తేలిక కాదు.

తరవాతి సమావేశంలో చయనులు గారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. “ఒక చిన్న చిక్కు. దాతకు పద్దెనిమిదేళ్లు నిండాలి. మైనరు శరీరంలోంచి దానం తీసుకోవడం నేరం. ఈ దాత మైనరు.”

“మరి గ్రహీత?” అన్నాను.

“గ్రహీత మైనరు కావడమే అర్హత. పథకం పద్దెనిమిదేళ్ల వరకే కదా. గ్రహీత విషయంలో కమిటీకి పూర్తి సంతృప్తి ఉంది. దాత విషయంలోనే విచారం.”

మెహరున్నీసా లేచి నిలబడింది. “సార్, దాత ఎదిగేదాకా ఆగితే గ్రహీత వయసు దాటిపోతుంది. గ్రహీత వయసు దాటకుండా చేస్తే దాతకు వయసు రాదు. మీకు అర్థమవుతోందా?”

“క్షుణ్ణంగా,” అన్నారు వామనమూర్తి గారు. “ఇద్దరి జనన ధ్రువీకరణ పత్రాలూ నేను పరిశీలించాను. ఇద్దరూ ఒకేరోజు పుట్టడం దురదృష్టకరం.”

“వేరే దాతను చూసుకోమనండి,” అన్నారు చయనులు గారు. “తల్లి ఉంది కదా. పెద్ద వయసు, దగ్గర రక్తసంబంధం. అన్ని విధాలా అర్హురాలు.”

తలుపు దగ్గర నిలబడి వింటున్న వరహాలమ్మ ఒక్క అంగలో లోపలికి వచ్చేసింది. అటెండరు ఆపబోతే చెయ్యి విదిలించింది. “తీసుకోండి బాబూ! మొత్తం తీసేసుకోండి. గుండు చేసినా నాకేం కాదండి. మొక్కులకి ఎన్నిసార్లు ఇవ్వలేదండి, మళ్లీ వత్తాది. నా పిల్లకి పెట్టండి,” అంటూ అక్కడికక్కడే కొప్పు విప్పేసింది. అక్కడక్కడా నెరిసిన జుట్టు వీపంతా పరుచుకుంది.

“తల్లిని దాతగా కమిటీ ఏకగ్రీవంగా ఆమోదిస్తోంది,” అన్నారు వామనమూర్తి గారు. కమిటీ పుట్టాక ఆమోదించిన మొట్టమొదటి దానం అదే.

“సార్, ఇంకొకరి జుట్టు నాటితే బతకదు. శరీరం తిరస్కరిస్తుంది,” అంది మెహరున్నీసా.

“శరీరం తిరస్కరిస్తే అది వైద్యపరమైన విషయం డాక్టర్ గారూ. కమిటీ తిరస్కరించలేదు. మాకు కావలసింది అంతే,” అన్నారు చయనులు గారు.

వరహాలమ్మకు ఆ మాటల్లో ఒక్కటే అర్థమైంది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. “అమ్మ జుట్టు కూడా పట్టదా అమ్మా? నా కడుపున పుట్టింది కదమ్మా!”

“పట్టదమ్మా. తనది తనకే పడుతుంది.”

ఆవిడ విప్పిన కొప్పు మళ్లీ ముడవకుండానే వెళ్లిపోయింది. మా కాఫీలు వచ్చాయి. నేను ముట్టుకోలేదు. అది మినిట్స్‌లోకి ఎక్కలేదు.

ఇంటికొచ్చి, పౌరశాస్త్రం చెప్పిన బుర్రకు పదును పెట్టాను. దాతకు పద్దెనిమిదేళ్లు నిండాలి. గ్రహీతకు పద్దెనిమిదేళ్ల వరకు అర్హత ఉంది. అయితే పుట్టినరోజు నాడు? ఆ ఒక్కరోజు దాత మేజరు, గ్రహీత ఇంకా అర్హురాలు. ఈ ఆలోచన వచ్చినందుకు నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ వేసింది. వాళ్లతో కూర్చుని కూర్చుని వాళ్లలాగే ఆలోచిస్తున్నానన్నమాట. అయినా గోడ పక్కనుంచి వెళ్లి చయనులు గారికి చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ మర్నాటికి అది ఆయన ఆలోచన అయింది. కమిటీ ఆయన్ను అభినందించింది. దేవిక పుట్టినరోజు నాడు ఆపరేషన్ అని తీర్మానమైంది.

ఆ రోజు ఇంటర్ ఫలితాలు వచ్చాక, డిగ్రీ తరగతులు మొదలయ్యే ముందు పడింది. మొలకలు కనిపించే వేళ దాటిపోయినా, మచ్చమీద నాట్లయినా పడతాయి కదా అని ఆ పిల్ల సరిపెట్టుకుంది. ఈలోగా వామనమూర్తి గారికి ఒక మహత్తరమైన ఊహ వచ్చింది. ఆసుపత్రి చరిత్రలో స్వయంగా నడిచివచ్చిన తొలి దాత. అలాంటి దాతకు సన్మానం చేయకపోతే ఎలా? ఆ రోజునే ‘దాతల దినోత్సవం’గా ప్రకటించి, మంత్రిగారిని ఆహ్వానించారు. “పొద్దున సన్మానం, వెంటనే ఆపరేషన్. సేవ, సత్కారం ఏకకాలంలో,” అని మాకు వివరించారు.

ఆ రోజు పొద్దున్నే మెహరున్నీసా పని మొదలుపెట్టింది. కుదుళ్లు తీయాలంటే తల వెనక జుట్టు బాగా పొట్టిగా కత్తిరించాలి. దేవిక జడ నడుం దాటి ఉండేది. ఉన్న జుట్టంతా వెనకే కనుక దాన్ని ఆ పిల్ల ప్రాణంలా చూసుకునేది. ఆ జడనే ముందుకు వేసుకుని చున్నీ కింద మచ్చ మీదికి సర్దుకునేది. నర్సు జడ కత్తిరిస్తుంటే దేవిక కళ్లు మూసుకుంది. వరహాలమ్మ ఆ జడను పాత చీరముక్కలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. కత్తిరించడం అయిపోయాక దేవిక తల వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకుని, “రేపటికి ఇటుది అటు వచ్చేస్తాది కదండి డాక్టర్ గారూ,” అంది. మెహరున్నీసా ఆ పిల్ల బుగ్గ నిమిరింది.

అంతలో వేదిక నుంచి కబురొచ్చింది. దాతను పంపాలి, మంత్రిగారు వచ్చేస్తున్నారు.

మంత్రిగారు వచ్చేస్తూనే ఉన్నారు. మధ్యాహ్నం దాకా వచ్చేస్తూనే ఉన్నారు. చున్నీ కప్పుకుని, మెడలో ‘దాత’ అన్న పట్టీ వేసుకుని ఆ పిల్ల వేదిక మీద కూర్చుంది. అక్కడ ఎడమవైపు గోడ లేదు, పందిరి గుంజ ఒకటి ఉంది. కుర్చీ దాని పక్కకు జరుపుకుంది. ఆపరేషన్ థియేటర్ సిబ్బందిలో సగం మంది కుర్చీలు మోస్తున్నారు, మిగతావాళ్లు స్వాగత తోరణం కడుతున్నారు. మెహరున్నీసా చేతులకు సబ్బు వాసనతో వేదిక దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

“సార్, ఈ ఒక్కరోజే అవకాశం. వేల కుదుళ్లు నాటాలి, సాయంత్రం దాకా పడుతుంది. అమ్మాయిని ఇప్పుడే పంపండి!”

“దాతను ఎలా పంపుతాం డాక్టర్ గారూ?” అన్నారు చయనులు గారు. “సన్మానం దాతకే కదా. మీరు గ్రహీతను తీసుకెళ్లి మొదలుపెట్టండి. గ్రహీతను వద్దన్నది ఎవరు?”

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన హాస్యమాడటం లేదు.

“మీకు బుద్ధుందా?” అన్నాను. పౌరశాస్త్రం చెప్పిన ఇన్నేళ్లలో ఎవరినీ అనని మాట అది.

“సమాజ ప్రముఖులు మాట తూచి మాట్లాడాలి,” అని వామనమూర్తి గారు నన్ను రెండో వరుసలోకి పంపించారు.

మంత్రిగారు దీపాలు వెలిగే వేళకు వచ్చారు. దేవికకు శాలువా కప్పారు. మఖమలు పెట్టెలో పెట్టిన వెండి దువ్వెన బహూకరించారు. చున్నీ కింద పొట్టిగా కనిపిస్తున్న వెనక జుట్టును చూపించి, “చూశారా, ఈ తల్లి త్యాగం! తన కురులను సాటి ఆడపిల్లకు ధారపోసింది!” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. తరవాత ఆయన ఎడమ చేత్తో ఆ పిల్ల తల నిమిరారు. ఆ చెయ్యి చున్నీ మీంచి సరిగ్గా మచ్చ మీద పడింది. “గ్రహీత చెల్లెమ్మకు కూడా జుట్టు ఒత్తుగా వచ్చిందని అధికారులు చెప్పారు. పథకం విజయవంతమైందని ప్రకటిస్తున్నాను!” అన్నారు. మళ్లీ చప్పట్లు. దేవిక ఆయన వైపే రెప్ప వేయకుండా చూస్తోంది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతూనే ఉంది.

ఆ రోజు గడిచిపోయింది. గ్రహీత వయసు దాటిపోయింది.

మెహరున్నీసా ఊరుకోలేదు. ఆపరేషన్ జరగనే లేదని కమిటీకి మొరపెట్టుకుంది. వామనమూర్తి గారు సావధానంగా విన్నారు. “దానం జరిగింది. దాత జుట్టు తగ్గిందని వేలమంది చూశారు. మంత్రిగారు విజయం ప్రకటించారు. ఇచ్చింది గ్రహీతకు అందలేదంటే అది గ్రహీత చూసుకోవలసిన విషయం. పైగా ఆమెకు ఇప్పుడు అర్హత లేదు,” అన్నారు. మెహరున్నీసాకు జిల్లా సరిహద్దులో ఉన్న ఊరికి బదిలీ అయింది. ‘బాల కేశ భాగ్యం’ మా ఊళ్లో డాక్టరు లేకుండా విజయవంతంగా నడుస్తోంది. బయట చేయించుకునే తాహతు సూరిబాబుకు లేదు.

ఆసుపత్రి గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. ఒకవైపు చున్నీ కప్పుకున్న దేవిక, కింద ‘దాత’ అని. మరోవైపు అదే దేవిక, కంప్యూటరు పెట్టిన ఒత్తయిన జుట్టుతో, చున్నీ లేకుండా, కింద ‘గ్రహీత’ అని. ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా ఉన్నారని దారినపోయేవాళ్లు మెచ్చుకున్నారు. సూరిబాబు పొద్దున్నే బండి తోసుకుంటూ అటే వెళ్లాలి. తలొంచుకుని వెళ్లేవాడు.

డిగ్రీ కాలేజీ తెరిచారు. దేవిక చున్నీ లేకుండా కాలేజీకి వెళ్లింది.

ఆ పిల్ల బజ్జీల బండి దగ్గర కనిపిస్తే అడిగాను. వెనక జుట్టు అంగుళం పొడుగు పెరిగింది, పక్కన మచ్చ ఎండలో మెరుస్తోంది. “ఏమ్మా, ఇబ్బందిగా లేదా?” అన్నాను.

“ఉంటాదండి, ఎందుకుండదు. మొదటి రోజు కాలేజీ గేటు దాకా వెళ్లి ఓసారి వెనక్కొచ్చేశానండి,” అంది. “కానీ సార్, ఆ రోజు అంతమంది ముందు కూర్చున్నానండి. ఆయన చెయ్యి దాని మీదే పడిందండి. జుట్టొచ్చిందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికీ ఏమీ కనబడనప్పుడు నేనెవరి కోసం దాచుకోవాలండి?”

వరహాలమ్మ బజ్జీలు తీసి నా చేతిలో పెట్టింది.

కొన్నాళ్లకు గోడ మీంచి నాకు కేక వినిపించింది. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. వెళ్లేసరికి దేవిక అక్కడుంది. చయనులు గారు చాలా ఆందోళనగా ఉన్నారు.

“అమ్మాయీ, నీ గురించి ఫిర్యాదులు వస్తున్నాయి. మచ్చ బయటికి కనిపించేలా ఊళ్లో తిరుగుతున్నావట. గేటు దగ్గర ఫ్లెక్సీ చూసినవాళ్లు నిన్ను చూసి అనుమానపడుతున్నారు. విజయవంతమైన పథకానికి ఇది అపకీర్తి.”

“నువ్వు తల కప్పుకోవాలి,” అన్నారు వామనమూర్తి గారు. “ఇది కమిటీ సలహా. మొదటి నుంచీ నీకు అలవాటే కదా.”

గుమస్తా ఒక పొట్లం ముందుకు జరిపాడు. అందులో కొత్త చున్నీ ఉంది. ఆసుపత్రి చిహ్నం అచ్చువేసి ఉంది. జుట్టు ఇవ్వలేనివాళ్లు జుట్టు లేదన్న సంగతి కప్పుకోవడానికి బట్ట మాత్రం ఇస్తున్నారు. ఎవరూ అడగకుండా మా కమిటీ ఎవరికైనా ఏదైనా ఇవ్వడం అదే మొదలు.

దేవిక దాన్ని తాకలేదు. “ఫిర్యాదు ఎవరి మీదండి? దాత మీదా, గ్రహీత మీదాండి?” అని అడిగింది.

చయనులు గారు ఆలోచించారు. ప్రశ్న న్యాయసమ్మతంగా ఉంది. “మచ్చ గ్రహీతది. కనుక ఫిర్యాదు గ్రహీత మీద. నువ్వు దాతవు, గౌరవనీయురాలివి. నీమీద మాకు ఏ ఆక్షేపణా లేదు. నువ్వు గ్రహీతకు నచ్చజెప్పి చున్నీ వేయించాలి.”

“చెప్పి చూశానండి,” అంది దేవిక. “మొదట్లో చాలాసార్లు చెప్పానండి. ఇప్పుడావిడ నా మాట వినడంలేదండి. ఒత్తిడి చేద్దామంటే, అది తీవ్రమైన విషయమని మీరే చెప్పారు కదండి.”

చయనులు గారు పాత మినిట్స్ పుస్తకం తెరిచారు. మూశారు. వామనమూర్తి గారు ‘పరిశీలనలో ఉంచుదాం’ అన్నారు. గుమస్తా కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఏం రాయాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

దేవిక నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. గేటు ముందు కాలేజీ బస్సు ఆగింది. ఆ పిల్ల ఎక్కింది. ఎడమవైపు కిటికీ సీటు ఖాళీగానే ఉంది. అది దాటి వెళ్లి కుడివైపు కూర్చుంది. మచ్చ ఉన్న ఎడమ పక్క బస్సులో నడిచే దారివైపు, ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ కనిపించేలా ఉంది. బస్సు ఆ ఫ్లెక్సీ ముందునుంచే వెళ్లింది. ఆ పిల్ల దానివైపు చూడను కూడా లేదు.